పళ్లెంలో మార్పు, కాళ్లకు పని: బరువు, షుగర్, బీపీ అదుపులోకి తెచ్చుకునే పద్ధతి

రోజూ పొద్దున్నే గంట నడుస్తున్నా కిలో కూడా తగ్గడం లేదని బాధపడేవాళ్లు మన చుట్టూ చాలామంది. రాత్రి అన్నం మానేసి బరువు తగ్గారు గానీ మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లంతా నీరసం అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి కష్టమూ నిజమే. మొదటివారు తిండితో కావాల్సిన పనిని నడకతో చేయించాలని చూస్తున్నారు. రెండోవారు వ్యాయామంతో రావాల్సిన బలాన్ని పస్తులతో తెచ్చుకోవాలనుకుంటున్నారు. తూకంలో అంకె ఎక్కువగా తిండిని బట్టి మారుతుంది. కండబలం, దమ్ము, తిన్న తర్వాత పెరిగే చక్కెర, బీపీ, ఎముకల గట్టిదనం మాత్రం కదలికకు బాగా లొంగుతాయి.

70 కిలోల మనిషి అరగంట కాస్త చురుగ్గా నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి. ఒక టేబుల్ స్పూన్ నూనెలో ఉండేవీ దాదాపు అన్నే. అంటే వేపుడులో అదనంగా పడిన ఒక్క చెంచా నూనెతో అరగంట నడక లెక్క సరిపోతుంది. ఇది చదివి నడక మానేయకండి. నడక వల్ల వచ్చే లాభం వేరే చోట ఉంది, ఆ సంగతి కింద చెబుతాను.

మొదలుపెట్టే ముందు

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. ముందు మీ డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రొటీన్ పెంచేముందు అడగాలి. నడుస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టో, బరువుగానో అనిపిస్తే అది గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా అక్కడే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం ఇప్పుడు పెట్టుకోకూడదు.

1. తూకం కంటే ముందు టేపు

టైలర్లు వాడే టేపు ఒకటి తీసుకోండి. పక్కన చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి చూసి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు చూసి చెప్పే కొలత పనికిరాదు, చాలామంది ప్యాంటు పొట్ట కిందికే కడతారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట లోపల, అవయవాల చుట్టూ కొవ్వు చేరిందని అనుకోవచ్చు.

బీఎంఐ కూడా చూసుకోండి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మన లాంటి ఆసియా వారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 63 కిలోలకే మొదటి గీత దాటతారు, 68 దాటితే రెండోదీ దాటినట్టే.

సన్నగా ఉన్నాం కదా, మాకెందుకు అనుకునేవారు ఒక ఫోటో కథ తెలుసుకోవాలి. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, కండ తక్కువై, కొవ్వు పొట్టలో దాక్కునే తీరు ఇది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి మామూలు గీత 25 అనుకుని నిశ్చింతగా ఉండకూడదు. ఆసియా మూలాల వారికి 23 నుంచే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెబుతోంది. మీ డాక్టర్ ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

బరువు వారానికి ఒకసారి, పొద్దున టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోండి. నడుము కొలత నెలకోసారి చాలు.

2. బియ్యాన్ని పొయ్యి ఎక్కకముందే కొలవండి

తెలుగు భోజనంలో బరువు పెంచే చోటు ఎక్కడో చెప్పమంటే నేను వడ్డించే తీరునే చూపిస్తాను. పప్పుతో ఒకసారి అన్నం, కూరతో ఒకసారి, చారుతో ఇంకోసారి, చివర పెరుగన్నం. ప్రతి వంటకానికీ కొత్తగా అన్నం పడుతుంది. కొంచెమే తింటున్నాం అనిపిస్తుంది, ఎందుకంటే ఏ విడతలోనూ పళ్లెం నిండదు. అన్నీ కలిపి తూస్తే ఒక పూటకు 400 గ్రాముల అన్నం తేలికగా అవుతుంది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. అంటే కూరలు, పప్పు కలపకుండానే 520.

అందుకని విడతలు తగ్గించండి. అన్నం రెండుసార్లే, పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి. చారును గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు కప్పులో వేసుకుని ఉత్తిదే తినండి, కావాలంటే కీరదోస ముక్కలు కలుపుకోండి. మొదట్లో పెరుగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు. ఆ వెలితి చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అస్సలు ఉండలేమంటే చారన్నం వదిలి పెరుగన్నం ఉంచుకోండి, ఏదో ఒకటి మాత్రం వదలాలి.

పళ్లెం దగ్గర నిగ్రహం కంటే కొలపాత్ర దగ్గర నిగ్రహం సులువు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలంటుంది, అదీ పచ్చి బరువు. పొద్దున టిఫిన్‌లో పోయే బియ్యం, రవ్వ, గోధుమపిండి కూడా ఇందులోనే. బరువు తగ్గాలనుకునే ఆఫీసు ఉద్యోగికి మధ్యాహ్నం, రాత్రి కలిపి ఒక కుక్కర్ కప్పు బియ్యం సరిపోతుంది. పొలంలో, కూలి పనిలో ఒళ్లు వంచేవారికి ఈ లెక్క వర్తించదు, వారికి ఎక్కువే కావాలి.

అన్నం తగ్గిన చోటును ఖాళీగా వదిలితే సాయంత్రానికి ఆకలి దంచేస్తుంది. ఆ చోటు కూరలది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర, ఏ కాలంలో ఏది చవగ్గా దొరికితే అది. రోజుకు ఒక్కొక్కరికి 400 గ్రాముల కూరగాయలన్నది ఆ సంస్థ చెప్పే కొలత. నలుగురున్న ఇంట్లో ఇది కిలోన్నర పైమాటే. సగం ఇళ్లలో కూరగాయల సంచి ఇందుకు చాలా తక్కువగా వస్తుందని నా గట్టి అనుమానం. బంగాళాదుంప, చేమదుంప, కందలను ఈ 400లో కలపకండి. పళ్లెంలో ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం మొదలుపెడితే చక్కెర కూడా నెమ్మదిగా ఎక్కుతుంది.

కొర్రలు, సామలు, అండుకొర్రల గురించి ఒక మాట. పీచు ఎక్కువ, కాబట్టి మంచివే, నాకూ ఇష్టమే. కానీ వంద గ్రాముల పచ్చి కొర్రలకూ బియ్యానికీ కేలరీల్లో తేడా చాలా స్వల్పం. చిరుధాన్యం కదా అని రెండింతలు పెట్టుకుంటే బరువు తగ్గదు. షుగర్ ఉన్నవారికి మంచిదని అమ్మే బియ్యం రకాలకూ ఇదే వర్తిస్తుంది.

3. ప్రొటీన్ లెక్క, ముఖ్యంగా ఇంటి ఇల్లాలిది

కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది మన దేశపు ప్రమాణం. 65 కిలోలకు 54 గ్రాములు. తిండి తగ్గిస్తున్నప్పుడు కండ కరిగిపోకుండా ఉండాలంటే కిలోకు ఒక గ్రాము, ఆపైన కొంచెం ఉండటం మేలు.

ఒక మామూలు శాకాహార రోజు చూడండి. 250 గ్రాముల బియ్యం నుంచి 20 గ్రాములు, ముప్పై గ్రాముల కందిపప్పు నుంచి ఆరున్నర, రెండు చిన్న కప్పుల పెరుగు నుంచి ఆరు, టీ, కాఫీల్లో పాలు కలిపి ఆరు. మొత్తం నలభై దాటలేదు. అందులో సగం బియ్యానిదే. బియ్యం తగ్గిస్తే అదీ పోతుంది.

పూడ్చడం కష్టం కాదు. రెండు గుడ్లలో 12 గ్రాములు. అరవై గ్రాముల పెసలు నానబెట్టి వేసిన పెసరట్లలో 13, 14. యాభై గ్రాముల సెనగలు ఉడకబెట్టి గుగ్గిళ్లు చేస్తే తొమ్మిది, పది. పచ్చి బరువులో వంద గ్రాముల చికెన్ గానీ చేప గానీ అయితే ఇరవై దాకా. మీల్ మేకర్‌లో వందకు యాభై పైనే ఉంటుంది, పాతిక గ్రాములు కూరలో వేస్తే చాలు. పప్పును నీళ్లలా పలచగా చేసి ఎక్కువ అన్నంలో కలిపే అలవాటు ఉంటే, పప్పు చిక్కగా వండి అన్నం తగ్గించండి.

చాలా ఇళ్లలో వంట చేసిన మనిషి చివర తింటుంది. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది, గుడ్లు పిల్లలకి అయిపోతాయి. మిగిలేవి అన్నం, చారు, పచ్చడి. పారేయడం ఇష్టం లేక ఆ అన్నం మొత్తం తినేస్తుంది. ఏళ్ల తరబడి ఇలా తిన్నవారికి పొట్ట పెరుగుతుంది, రక్తహీనత ఉంటుంది, మోకాళ్లు నొస్తాయి. "అంత తక్కువ తింటుంది, అయినా లావవుతోంది" అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆమె తినేది కొంచెమే కావచ్చు, అందులో దాదాపు అంతా పిండిపదార్థమే. కాబట్టి వంట కాగానే ఆమె వాటా పప్పు, కూర, గుడ్డు ముందే వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఇది ఇంట్లో మగవారు, పెద్దపిల్లలు చేయాల్సిన పని. ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే వేయగలిగితే ఇదే వేయమని అడుగుతాను.

4. నూనె డబ్బా మీద తేదీ రాయండి

రోజుకు మనిషికి 27 గ్రాముల నూనె, నెయ్యి కలిపి అన్నది 2000 కేలరీల లెక్కలో కొలత. నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. బయట తినే బజ్జీలు, బిర్యానీలు, మిక్చర్లలో నూనె ఉంటుంది కాబట్టి ఇంట్లో వాడేది మూడు లీటర్ల లోపు ఉంచుకోవడం మంచిది. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దానిమీద తేదీ రాయండి. ఎన్ని రోజులకు అయిపోయిందో తెలిస్తే చాలు, రోజూ కొలవక్కర్లేదు. డబ్బాలోంచి మూకుడులోకి వంచడం మానేసి చెంచాతో వేయండి. వేపుళ్లు వారానికి రెండుసార్లకు తగ్గించి, మిగతా రోజులు ఇగురు, పులుసు, ఆవపెట్టిన కూర, పెరుగుపచ్చడి చేసుకోవచ్చు.

ఆవకాయలో నూనెతో పాటు ఉప్పు బాగా ఉంటుంది. రోజంతా కలిపి ఉప్పు ఐదు గ్రాములే ఉండాలి. బీపీ ఉన్నవారు ముద్ద ముద్దకీ పచ్చడి నంజుకోవడం తగ్గించి, పూటకు ఒక చిన్న ముక్కతో ఆపాలి.

5. టిఫిన్, టీ, చిరుతిండి

నాలుగు ఇడ్లీలకంటే వాటితో వచ్చే పల్లీ చట్నీ, నెయ్యి కారప్పొడి ఎక్కువ కేలరీలు మోయవచ్చు. సాంబారు ఎక్కువ, చట్నీ ఒక చెంచా. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు. బెల్లం వేసుకున్నా లెక్క దాదాపు అంతే. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక అలవాటు పడుతుంది. పండ్లరసం బదులు పండే తినండి.

ప్యాకెట్ తిండి విషయంలో గట్టిగా ఉండమంటాను. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి చూసింది. ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రెండు వారాల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిన్నారు. ఎంత కావాలంటే అంత తినమన్నారంతే, ఎవరూ బలవంతపెట్టలేదు.

6. నడక: ఎప్పుడు, ఎలా

భోజనం చేశాక పది నుంచి పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండ రక్తంలోని చక్కెరను అప్పటికప్పుడు లాక్కుంటుంది, అందుకు ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు షుగర్ ఉన్నవారి మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజులో ఏదో ఒక సమయంలో అరగంట నడవడం కంటే మూడు పూటలా తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు చక్కెర తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా అన్నిటికంటే ఎక్కువ. మన ఇళ్లలో ఎక్కువ అన్నం తిని, టీవీ ముందు కూర్చుని, అటు నుంచి అటే పడుకునే పూట అదే. మేడ మీద, గేటెడ్ కమ్యూనిటీ లోపల, ఇంటి ముందు వీధిలో, ఎక్కడైనా సరే.

దీనికి తోడు వారానికి 150 నిమిషాలు చురుకైన నడక ఉండాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస కొలత ఇది. వేగం సరిపోయిందో లేదో తెలియాలంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఫోన్ చూస్తూ తీరిగ్గా నడిస్తే ఇందులోకి రాదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పొద్దున ఏడు లోపే ముగించండి. షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చిన్న దెబ్బ తగిలినా తెలియదు.

7. బస్కీలు, దండీలు

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. నడక గుండెకు మంచిది, కానీ వయసుతో తగ్గిపోయే కండను నిలబెట్టడానికి అది చాలదు. తిన్న చక్కెర ఎక్కువగా చేరేది కండలోకే. వారానికి కనీసం రెండు రోజులు కండకు బరువు పని ఇవ్వాలి. జిమ్ ఉంటే మంచిది, లేకపోయినా ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఎత్తు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, చేతుల సాయం లేకుండా లేవండి, నెమ్మదిగా కూర్చోండి. పదిసార్లు. ఇది తేలికైతే కుర్చీ లేకుండా బస్కీలు. గోడకు మూరెడు దూరంలో నిలబడి అరచేతులు ఆనించి గోడ దండీలు తీయండి, కొన్ని వారాలకు వంటగట్టు అంచు మీద, ఆ తర్వాత నేల మీద. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి దించండి. రెండు చేతుల్లో నీళ్ల సీసాలో, బియ్యం సంచులో పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవండి. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. చివరి రెండూ కష్టంగా ఉండాలి. తేలికైపోతే బరువు పెంచాలి. మర్నాడు తొడలు పట్టేసినట్టుండటం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

మోకాలి నొప్పుల వల్ల ఏమీ చేయలేమనే అమ్మలు, అత్తయ్యలు కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు తిన్నగా చాపి ఐదు అంకెలు లెక్కపెట్టి దించడంతో మొదలుపెట్టవచ్చు. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది.

8. తూకం ఆగినప్పుడు

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గితే సంబరపడకండి, అందులో ఎక్కువ భాగం నీరు. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం కరిగితే దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. ఆ తర్వాత నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గడం మంచి వేగం. రెండు మూడు నెలలకు అది కూడా నెమ్మదిస్తుంది. తగ్గిన ఒంటికి ఖర్చు తక్కువ, పైగా అన్నం ముద్దలు మనకు తెలియకుండా మళ్లీ పెరుగుతాయి. కుక్కర్ కప్పు, నూనె తేదీ మళ్లీ చూడండి. నిద్ర ఎంతసేపు పోతున్నారో చూడండి, ఆరు గంటల్లోపైతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది. పెళ్లి భోజనమో, ఆదివారం బిర్యానీయో తిన్న మర్నాడు పస్తుండకండి, మామూలు పళ్లేనికి తిరిగి రండి.

అంకె కదలకపోయినా మానేయకూడదని చెప్పడానికి నా దగ్గర ఉన్న గట్టి ఆధారం చెన్నైది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ వచ్చే ముప్పు ఉన్న 531 మందిని మూడేళ్ల దాకా గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి సగటు బరువు మాత్రం తగ్గలేదు. తూకం చూసి నిరాశపడి నాలుగో నెలలో వదిలేసి ఉంటే ఆ లాభం వారికి దక్కేది కాదు.

కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), బీపీ చూపించుకుని, నడుము కొలతతో పాటు ఒకే కాగితం మీద రాయండి. ఆ కాగితం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అంకెలు బాగుపడితే మాత్రలు మీ అంతట మీరే ఆపేయకండి, తగ్గించవచ్చేమో ఆయన్నే అడగండి.

9. తగ్గాక

అనుకున్న బరువుకు వచ్చాక పాత పళ్లేనికి తిరిగి వెళ్తే పాత బరువు కూడా తిరిగి వస్తుంది. నడక, బస్కీలు బరువు విషయంలో బాగా అక్కరకొచ్చే దశ ఇదే. అమెరికాలో 1994 నుంచి, బరువు తగ్గి దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నవారి వివరాలు ఒక రిజిస్టర్‌లో సేకరిస్తున్నారు. వారిలో ఎక్కువమంది రోజుకు గంట దాకా శరీర శ్రమ చేస్తున్నారు, తరచూ బరువు చూసుకుంటున్నారు. మీ గీత మీరే పెట్టుకోండి. తూకం రెండు కిలోలు పైకి పోతే ఆ వారమే కుక్కర్ కప్పు దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టండి, పండగ అయ్యాక చూద్దాం అని వాయిదా వేయకండి.